ఖాళీ సైక్లోన్, జామ్ అలారం: ఒక కోబాల్ట్ గేజ్ కేసు

ఉత్తర తెలంగాణలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. పేరు, ఊరు, సంవత్సరాలు రాయను. మనుషుల వివరాలు కొన్ని మార్చాను. గేజ్ అంకెలు మాత్రం మార్చలేదు. అవి మారిస్తే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు.

నేను హనుమకొండలో ఉంటాను. కాకతీయ యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత రేడియేషన్ భద్రత శిక్షణ తీసుకుని, ఫ్యాక్టరీల్లో వాడే న్యూక్లియర్ గేజ్‌లు చూసే పనిలోకి వచ్చాను. క్లాసులో బోర్డు మీద వందసార్లు గీసిన క్షయ వక్రం (రేడియోధార్మికత కాలంతో పాటు తగ్గే తీరు చూపే గీత) బయట నా కళ్లెదుట ఉన్నా గుర్తుపట్టలేదు. ఈ కేసు రాయడానికి అదొక కారణం.

నేపథ్యం

సిమెంటు ఫ్యాక్టరీని దూరం నుంచి చూస్తే అన్నిటికంటే ఎత్తుగా కనిపించేది ప్రీహీటర్ టవర్. సున్నపురాయి పొడి పైనుంచి ఒక్కో సైక్లోన్ (పొడినీ గాలినీ విడదీసే పెద్ద గరాటు పాత్ర) దాటుకుంటూ దిగుతుంటే, కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) నుంచి వేడి గాలి దానికి ఎదురెక్కుతుంటుంది. ప్లాంటులో ఈ పొడిని మీల్ అంటారు. అట్టడుగు సైక్లోన్‌కు చేరేసరికి మీల్ వేడి 850 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సైక్లోన్ అడుగు గరాటులా సన్నబడుతుంది. మీల్‌లోని క్షారాలు, క్లోరైడ్లు, సల్ఫేట్లు ఆ గరాటు గోడకు అంటుకుని పెచ్చులు కడితే దారి మూసుకుపోతుంది. చూస్తుండగానే పైన టన్నుల కొద్దీ మీల్ నిలిచిపోతుంది. లోపలికి తొంగి చూసే వీలు లేదు. అందుకే అక్కడ గామా గేజ్ పెడతారు.

దాని పని తీరు తేలికే. గరాటుకు ఒక పక్క సీసం, ఉక్కు కవచంలో రేడియోధార్మిక సోర్సు, ఎదురు పక్క డిటెక్టర్. గరాటు ఖాళీగా ఉంటే గామా కిరణాలు ఎక్కువగా అవతలికి చేరి కౌంటు, అంటే డిటెక్టర్ సెకనుకు లెక్కపెట్టే కిరణాల సంఖ్య, పెద్దదిగా ఉంటుంది. మీల్ నిండితే కౌంటు పడిపోతుంది. ఒక హద్దు పెట్టి, అంతకన్నా తగ్గితే అలారం మోగేలా చేస్తారు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గేజ్‌కు తెలిసేది కిరణాలు తగ్గాయన్నది ఒక్కటే. మధ్యలో ఏదో అడ్డం రావడం వల్ల తగ్గాయా, అసలు పుట్టే చోటే తగ్గాయా అన్నది దానికి తెలియదు.

ఈ టవర్‌లో రెండు గేజ్‌లు. నాలుగో సైక్లోన్ దగ్గర సీజియం-137, అట్టడుగున ఉన్న అయిదో దాని దగ్గర కోబాల్ట్-60. కింద గోడ మందం ఎక్కువ కాబట్టి ఎక్కువ శక్తి గల గామా కావాలి. సీజియం గామా శక్తి 0.66 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. కోబాల్ట్‌వి 1.17, 1.33 మిలియన్లు. ఎంపికలో తప్పేమీ లేదు. కానీ సీజియం అర్ధాయువు (సోర్సు సగం కావడానికి పట్టే కాలం) 30 ఏళ్లు, కోబాల్ట్‌ది 5.27 ఏళ్లు. టవర్ ఎక్కి దిగేవాళ్లకు మాత్రం రెండూ ఒకటే పసుపు రంగు డబ్బా, ఒకటే మూడు రెక్కల బొమ్మ.

వచ్చిన సమస్య

గేజ్ బిగించి నాలుగున్నరేళ్లు దాటాక అయిదో సైక్లోన్ దొంగ అలారాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట వారానికొకటి, తర్వాత షిఫ్టుకొకటి. ఫీడు (పైనుంచి పోసే మీల్) పెంచిన షిఫ్టుల్లో ఇంకా ఎక్కువ. అలారం మోగినప్పుడల్లా ఇద్దరు మనుషులు అల్యూమినియం సూట్లు తొడుక్కుని పైకెళ్లి, పోకింగ్ హోల్ (లోపలికి పొడిచే రంధ్రం) మూత తీసి, గాలి ఊదే పొడవాటి గొట్టం ఎయిర్ లాన్స్‌తో పొడవాలి. ప్రతిసారీ లోపల ఖాళీయే. ఒకరోజు మూత తీసిన క్షణాన లోపలి ఒత్తిడి మారి వేడి మీల్ బయటికి చిమ్మింది. ఒక కాంట్రాక్టు కార్మికుడి మోచేయి కింద కాలింది. లేని జామ్ కోసం వెళ్లి కాల్చుకున్న చెయ్యి అది. నన్ను పిలిచింది ఆ తర్వాతే.

నేను వెళ్లేసరికి మూడు ప్రయత్నాలు జరిగిపోయాయి.

మొదట అలారం ఆలస్యాన్ని 5 సెకన్ల నుంచి 30కి పెంచారు. అలారాలు కొన్ని వారాలు తగ్గి మళ్లీ వచ్చాయి. ఎందుకు తగ్గాయో అర్థమవుతుంది. రేడియోధార్మిక క్షయం చినుకుల్లాగా పడుతుంది, నల్లా ధారలాగా కాదు. సెకనుకు సగటున 600 కౌంట్లు వచ్చేచోట ఏ సెకనులోనైనా ఓ పాతిక అటూ ఇటూ ఆడటం సహజం. వర్గమూలం లెక్క అది. హద్దుకు ఆనుకుని ఉన్న అంకె ఆ ఆటలోనే హద్దు దాటి వస్తుంటుంది. ఎక్కువసేపు సగటు తీస్తే ఆట తగ్గుతుంది. కానీ సగటే దిగుతున్నప్పుడు ఆటను ఆపి లాభం లేదు. పైగా నిజంగా జామ్ అయినప్పుడు ఆ 30 సెకన్లు ఆలస్యమే.

తర్వాత డిటెక్టర్ మార్చారు. సింటిలేషన్ డిటెక్టర్‌కు వేడి పడదు, చుట్టూ నీళ్ల జాకెట్ ఉంటుంది, అది చెడిందేమోనన్నది అనుమానం. అనుమానం సబబే. అదే మోడల్ స్పేర్ పెడితే కౌంటులో నూటికి ఒకటి కూడా తేడా రాలేదు. పాతదే మళ్లీ బిగించారు. ఈ పరీక్ష వృథా పోలేదు. డిటెక్టర్ తప్పు కాదని తేలడం తర్వాత నాకు చాలా అక్కరకొచ్చింది.

మూడోది, ఎవరూ కాగితం మీద ఒప్పుకోనిది. ఒక రాత్రి షిఫ్టులో హద్దును 600 నుంచి 450కి దించారు. అలారాలు పూర్తిగా ఆగిపోయాయి. రెండు రోజుల తర్వాత ఎవరో గమనించి మళ్లీ 600 చేశారు. దించిన మనిషిని తిట్టినవాళ్లు కూడా, 450 ఎందుకు తప్పో 600 ఎందుకు ఒప్పో చెప్పలేకపోయారు.

వీటన్నిటి వెనుక ఒక మాట టవర్ అంతా తిరుగుతోంది. "సోర్సు అయిపోయింది సారు. పైన వేడి మామూలుగుంటదా? ఆ వేడికి దాని పవర్ గుంజుకపోయింది."

ఈ మాటలో సగం నిజం, సగం అబద్ధం ఉన్నాయి. రెండింటినీ విడదీయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

వేడి మాట

అబద్ధం సగం ముందు చెప్పేస్తాను. కోబాల్ట్-60 కేంద్రకంలో 27 ప్రోటాన్లు, 33 న్యూట్రాన్లు. మామూలు కోబాల్ట్-59ను రియాక్టర్‌లో పెట్టి దానికి ఒక న్యూట్రాన్ తినిపిస్తే ఇది తయారవుతుంది. మన దేశంలో ఈ పని రాజస్థాన్‌లోని కోటా దగ్గర అణువిద్యుత్ రియాక్టర్లలో జరుగుతుంది. ఆ ఎక్కువైన న్యూట్రాన్లలో ఒకటి ఏదో ఒక క్షణాన ప్రోటాన్‌గా మారి బీటా కణాన్ని వదులుతుంది. 28 ప్రోటాన్లతో అది నికెల్-60 అవుతుంది. ఆ నికెల్ కేంద్రకం ఇంకా కుదుటపడక రెండు గామాలను విసిరి నెమ్మదిస్తుంది. గేజ్ లెక్కపెట్టేది వాటినే. డబ్బాలో లోహం ఎటూ పోదు. కోబాల్ట్ తగ్గుతుంటుంది, దాని చోట నికెల్ పెరుగుతుంటుంది.

850 డిగ్రీల మీల్‌లో ఒక్కో అణువుకు అందే ఉష్ణశక్తి సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్టు. కేంద్రకం ఆడే ఆట మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో. మధ్య తేడా కోటి రెట్లు. బెరీలియం-7 లాంటి అరుదైన కేంద్రకాల్లో చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల అమరిక అర్ధాయువును వెంట్రుకవాసి కదిలించగలదు, కోబాల్ట్‌కు ఆ దారి కూడా లేదు. టవర్ మీద ఉన్నా, ఫ్రిజ్‌లో ఉన్నా 5.27 ఏళ్లకు సగమే.

వేడితో అసలు ప్రమాదం లేదా అంటే ఉంది, కానీ అది కవచానికి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ఎక్కడికెళ్లినా సోర్సు డబ్బా పైతొక్కు వేడి చూడకుండా నేను కిందికి దిగను. ఇక్కడ డబ్బాకూ గోడకూ మధ్య గాలి ఆడే ఖాళీ సరిగానే ఉంది. రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో చుట్టూ చూస్తే రీడింగులు లైసెన్సు హద్దులకు లోపలే ఉన్నాయి. ఆ మీటరును కాలిన చెయ్యి బాగుపడి మళ్లీ పనికొచ్చిన కుర్రాడి చేతికే ఇచ్చి అంకె చదవమన్నాను. చదివాడు. నమ్మాడో లేదో తెలియదు. "ఇది తక్కువే సారు, కానీ అలారం ఎక్కువైంది కదా, అంటే లీక్ ఎక్కువైనట్టే కదా?" అన్నాడు. అతని తర్కంలో తప్పు పట్టలేం. అలారం అంటే ప్రమాదం పెరగడమనే కదా మనం నేర్పింది. ఈ గేజ్‌లో మాత్రం రేడియేషన్ తగ్గితేనే అలారం వస్తుందని ఆ టవర్ మీద ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

మొదటి నిర్ణయం, నా తప్పు

నిజం సగం క్షయం. నాలుగున్నరేళ్లు దాటిన కోబాల్ట్ సోర్సు సగానికి దగ్గర పడి ఉండాలి. వెళ్లిన రోజే అడిగాను. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు నవ్వి, ట్రాన్స్‌మిటర్ (డిటెక్టర్ కౌంటును లెక్కగట్టి చూపించే పెట్టె) తెర తెరిచి చూపించాడు. క్షయ సవరణ: ఆన్. అంటే సోర్సు ఎంత తగ్గిందో యంత్రమే తేదీ చూసి లెక్కగట్టి, ఆ మేరకు కౌంటును పెంచి చూపిస్తుందన్నమాట. బిగించిన రోజు ఖాళీ కౌంటు సెకనుకు 1200, హద్దు అందులో సగం, 600. తెర మీద సవరించిన అంకె 590 దగ్గర ఆడుతోంది.

అక్కడ నా ఆలోచన ఇలా నడిచింది: క్షయాన్ని యంత్రం చూసుకుంటోంది. డిటెక్టర్ బాగుంది. అయినా కిరణాల్లో సగం మాయమయ్యాయి. అంటే మధ్యలో అడ్డం ఉంది. సగం కావాలంటే గోడకు అయిదారు సెంటీమీటర్ల పెచ్చు పేరుకుని ఉండాలి. ఫీడు పెంచినప్పుడు అలారాలు ఎక్కువ కావడం కూడా దీనికి సరిపోయింది.

సరిపోయిందనుకున్నాను. నా మాట మీద, ముందే అనుకున్న షట్‌డౌన్‌ను వారం ముందుకు జరిపారు. కిల్న్ ఆగి, చల్లారి, సోర్సు షట్టర్ మూసి తాళం వేసి, మూసుకుందని సర్వే మీటరుతో నేనే చూశాక మనుషులు గరాటులోకి దిగారు. పెచ్చుల కోసం పొడుచుకుంటూ వెళ్తే గోరు మందం దుమ్ము తప్ప ఏమీ రాలేదు. గోడ అద్దంలా ఉంది. అందరూ బయటికొచ్చాక షట్టర్ తెరిచి చూశాం. కౌంటులో ఎదుగూ బొదుగూ లేదు.

ఆ సాయంత్రం టవర్ మెట్లు దిగుతుంటే ప్రొడక్షన్ మేనేజర్ ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

నేమ్‌ప్లేట్

కొంత దిగాక ఆగి, వెనక్కి తిరిగి నాలుగో సైక్లోన్ ప్లాట్‌ఫాం దాకా ఎక్కాను. ఆ గేజ్ ఇన్నేళ్లలో ఒక్క దొంగ అలారం ఇవ్వలేదు. అదే మీల్, దాదాపు అదే దుమ్ము, అదే కంపెనీ ట్రాన్స్‌మిటర్. తేడా ఎక్కడుంది? దాని తెరలో అన్ని పేజీలూ తిప్పి రాసుకున్నాను. మళ్లీ పైనుంచి కిందికి, అయిదో దాని దగ్గరికి వెళ్లి అవే పేజీలు తిప్పాను. ఐసోటోపు అన్న వరుస దగ్గర రెండింట్లోనూ ఒకటే అక్షరాలు: సీఎస్-137, అంటే సీజియం.

డబ్బా మీది నేమ్‌ప్లేట్ మీద మీల్ గట్టిపడి పొర కట్టింది. గ్లౌజుతో రుద్దితే రాలేదు, తడిబట్ట తెప్పించాను. ముందు మూడు రెక్కల బొమ్మ తేలింది, తర్వాత సీరియల్ నంబరు, దాని కింద చెక్కిన అక్షరాలు: కోబాల్ట్-60.

ఆరా తీస్తే తెలిసింది. రెండో ఏట పిడుగుపాటుకు ట్రాన్స్‌మిటర్ కార్డు కాలిపోయింది. కొత్త కార్డులో పాత అంకెలన్నీ, 1200, 600, బిగించిన తేదీ, జాగ్రత్తగా ఎక్కించారు. ఐసోటోపు మాత్రం కార్డుతో పాటు వచ్చినదాన్ని అలాగే వదిలేశారు. పక్క గేజ్‌లో కూడా సీజియమే ఉంది కాబట్టి ఎవరికీ తేడా కొట్టలేదు. సవరణ ఆన్‌లోనే ఉంది. ఇంకో మూలకం పేరున.

మర్నాడు క్యాంటీన్‌లో షిఫ్టు వాళ్లకు దీన్ని మిత్తి లెక్కలో చెప్పాను. కోబాల్ట్ నెలకు నూటికి రూపాయి తొమ్మిది పైసల చొప్పున తరుగుతుంది, చక్రమిత్తిని ఉల్టా తిప్పినట్టు. సీజియం నెలకు నూటికి ఇరవై పైసలు కూడా తరగదు. మన మిషన్ రూపాయి మిత్తి అప్పుకు ఇరవై పైసల లెక్క కడుతూ కూర్చుంది. ఇది చెప్పగానే ఒకాయన, "అయితే నాలుగున్నరేండ్లకు మస్తు తేడా వస్తది" అని నోటిలెక్క మొదలుపెట్టాడు. అర్ధాయువు, క్షయ స్థిరాంకం అని నేను డిగ్రీ పిల్లలకు గంటసేపు చెప్పింది ఈయనకు ఒక్క వాక్యంలో ఎక్కింది. అసలుకు వయసుతో పని లేదు, మిగిలినదాంట్లో ఎప్పుడూ అదే వంతు పోతుందన్నది మిత్తి కట్టినవాళ్లకు విడిగా నేర్పక్కర్లేదు.

మిగిలిన 15

ఐసోటోపును కోబాల్ట్‌కు మార్చగానే తెర మీద అంకె వెయ్యి దాటింది. అలారాలు ఆ రోజు నుంచి లేవు. ప్లాంటు వరకు కేసు అక్కడితో అయిపోయింది. బిల్లు కూడా పంపమన్నారు.

నాకు మాత్రం ఒక లెక్క కుదరలేదు. షట్‌డౌన్‌లో ఖాళీ గరాటు మీద, సవరణ లేని అసలు కౌంటును అయిదు నిమిషాలు పోగుచేశాం. మొత్తం 1,63,800 దరిదాపు, అంటే సెకనుకు 546. అంత పెద్ద సంఖ్యకు వర్గమూలం 405 మాత్రమే, కాబట్టి ఆ 546లో యాదృచ్ఛికపు తేడా నూటికి పావు వంతుకు మించదు. బిగించి అప్పటికి 57 నెలలు. కోబాల్ట్ లెక్కన 1200 కాస్తా 642 కావాలి. వచ్చింది 546. నూటికి 15 తక్కువ.

దీన్ని వదిలేయొచ్చా? అలారం హద్దుకు చాలా పైనే ఉన్నాం కదా అని వదిలేసేవాళ్లను చూశాను, తప్పుపట్టను. నేను వదలకపోవడానికి కారణం, ఆ 15 ఎవరిదన్నది తెలియకపోవడం. షట్టర్ పూర్తిగా తెరుచుకోకపోయినా కౌంటు తగ్గుతుంది. డబ్బా బోల్టులు సడలి గురి తప్పినా తగ్గుతుంది. ఈ రెండూ నిజమైతే అవి కొలత తప్పులు కావు, భద్రతా లోపాలు. షట్టర్ సగంలో ఇరుక్కునే రకమైతే, మూశామనుకుని మనుషుల్ని లోపలికి దించినప్పుడు ఏమవుతుంది? సోర్సు మీద నెపం వేయడానికి మాత్రం లేదు. ఆ టవర్ మీద ఇచ్చిన మాట తప్పనిది సోర్సొక్కటే. అది ఎంత తగ్గాలో ఇంటి దగ్గర కూర్చుని పైసలతో సహా చెప్పగలం. కాబట్టి దాని వాటా తీసి పక్కన పెడితే, మిగిలింది కచ్చితంగా ఇంకెవరిదో.

షట్టర్ పిడి, గురి, బోల్టులు అన్నీ చూశాం. తేడా లేదు. పెచ్చు లేదని ముందే తేలింది. డిటెక్టర్ కాదని వాళ్లే తేల్చి ఉంచారు. అన్ని తలుపులూ మూసుకున్నాయి.

పాత రిజిస్టర్

సీసీఆర్‌లో, అంటే కంట్రోల్ రూములో, రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ ఒక ఆపరేటర్ ఉన్నాడు. వరంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్న మనిషి. నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే చాయ్ పట్టుకొచ్చి, "ఖాళీ కౌంట్లు కావాల్నా సార్? నా దగ్గర ఉన్నయ్" అన్నాడు.

పొడుగాటి లెడ్జరు. అట్ట చినిగి బ్రౌన్ టేపు వేసి ఉంది. కిల్న్ ఆగిన ప్రతిసారీ, గరాటు ఖాళీ అయ్యాక పైకెళ్లి లోకల్ తెరలో అసలు కౌంటు పేజీ చూసి, తేదీ పక్కన రాసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "నాకు రాసుడు అలవాటు సార్" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

నెలలు లెక్కగట్టి వరస రాసుకుంటే ఇలా వచ్చింది: 7వ నెల 1108, 16వ నెల 1011, 25కి 909, 36కి 812, 40కి 656, 49కి 598, ఇప్పుడు 57కి 546.

మామూలు గ్రాఫు మీద పెడితే దిగుతున్న గీత, అంతే. హనుమకొండ చౌరస్తాలో సెమీలాగ్ కాగితం కొనుక్కుని ఇంటి దగ్గర మళ్లీ వేశాను. సంవర్గమాన కాగితం మీద క్షయం సరళరేఖ అవుతుంది. ఎంత మిగిలినా అందులోంచి అదే వంతు పోతుంది కాబట్టి. మొదటి నాలుగు చుక్కల మీద స్కేలు పెట్టాను, గీత సూటిగా వచ్చింది. చివరి మూడింటి మీద పెట్టాను, అదీ సూటిగానే వచ్చింది. కానీ రెండూ ఒకే గీత కాదు. వాలు ఒకటే, రెండోది ఒక మెట్టు కింద ఉంది.

ఆ మెట్టే నా 15. నాలుగు నెలల్లో కోబాల్ట్ నూటికి నాలుగు చిల్లర తగ్గాలి. 36 నుంచి 40 మధ్య తగ్గింది 19. పైగా మెట్టుకు ముందూ వెనుకా వాలు మారలేదు. పెచ్చు పేరుకుంటూ ఉంటే వాలు ఏటవాలయ్యేది. డిటెక్టర్ ముసలిదవుతూ ఉన్నా అంతే. ఇది మెల్లగా వచ్చిన జబ్బు కాదు. ఒక్క రోజున ఎవరో చేసిన పని, ఆ తర్వాత మళ్లీ ముట్టుకోనిది.

ఫోన్ చేసి అడిగాను, "38వ నెల అటూ ఇటూ పెద్ద షట్‌డౌన్ ఏమైనా జరిగిందా పెద్దన్నా?" అవతల నుంచి రిజిస్టర్ పేజీలు తిరగేసిన చప్పుడు. "అయింది సార్. కోన్ లైనింగ్ అంతా కొత్తది పోసిండ్రు."

గోడ లోపలి అగ్నినిరోధక కాస్టబుల్ అది. ఆ రకం కాస్టబుల్ అయిదున్నర సెంటీమీటర్లుంటే కోబాల్ట్ గామా సగమవుతుంది. నూటికి 15 తగ్గాలంటే రెండు గోడలకూ కలిపి సుమారు 1.3 సెంటీమీటర్లు ఎక్కువ కావాలి. చెదిరి వచ్చే కిరణాలు కూడా డిటెక్టర్‌కు కొంత చేరతాయి కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. తర్వాతి ఆగుడులో గేజ్ ఎదురుగా కొలిపించాను. డ్రాయింగ్ కన్నా ఒక పక్క 10 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 8 ఎక్కువ. మేస్త్రీలది తప్పని కూడా అనలేం, లైనింగ్‌కు సెంటీమీటరు మందం ఎక్కువైతే మెచ్చుకుంటారు. దాని వెనకాల ఒక గేజ్ చూస్తోందని వాళ్లకు ఎవరు చెప్పారు?

చేసిన మార్పులు

కొత్త లైనింగ్‌తో ఖాళీ కౌంటు 546ను, అది తీసిన తేదీని ఆధారంగా ఎక్కించాం. ఐసోటోపు కోబాల్ట్-60. హద్దును ఖాళీ కౌంటులో సగంగా పెట్టాం. ఇకపై అంకె దిగితే హద్దూ దానితో పాటు దిగుతుంది. అలారం ఆలస్యాన్ని 30 నుంచి 10 సెకన్లకు తెచ్చాం. ఇంకా తగ్గించమని అడిగారు, నేను ఒప్పుకోలేదు. 10 సెకన్లలో అయిదువేల పైచిలుకు కౌంట్లు, వర్గమూలం డెబ్బై చిల్లర, అంటే నూటికి ఒకటిన్నర లోపే ఆట. అది చాలు.

కొత్త సోర్సు కొనాలన్న ఫైలు అప్పటికే కదిలి ఉంది. ఆపించాను. గరాటు నిజంగా నిండితే కౌంటు 90కి పడిపోతుందని పాత జామ్‌ల రికార్డులో ఉంది. 546కూ 90కీ మధ్య చోటు పుష్కలం. ఇంకో అర్ధాయువు గడిచి 273 అయినా, కాస్త ఎక్కువసేపు సగటు తీస్తే పని నడుస్తుంది. తయారీదారు ఆ క్యాప్సూల్‌కు ఇచ్చిన వాడుక కాలం వేరే సంగతి. దానికీ అర్ధాయువుకూ సంబంధం లేదు, లైసెన్సు దాన్నే చూస్తుంది. ఆ తేదీ ఇంకా దూరంలో ఉంది. అక్కర్లేకుండా కొత్తది తెస్తే పాతదాన్ని ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతితో తిప్పిపంపే దాకా భద్రంగా కాపలా కాయాలి. అనవసరంగా ఇంకో సోర్సును దేశంలో తిప్పడం నాకు ఇష్టం లేదు.

లైనింగ్ పనుల పర్మిట్ ఫారంలో ఒక వరుస చేర్పించాను: పని ముగిశాక ఖాళీ కౌంటు ఎంత? మొదట్లో దాన్ని గీత గీసి వదిలేసేవారట. ఇప్పుడు నింపుతున్నారని విన్నాను.

నా పనిలోనూ కొన్ని మారాయి. సవరణ ఆన్‌లో ఉందంటే ఇప్పుడు నమ్మను, దేని సవరణ అని అడుగుతాను. తెర కన్నా ముందు నేమ్‌ప్లేట్ చదువుతాను, తడిబట్ట నా సంచీలోనే ఉంటుంది. గరాటులోకి మనుషుల్ని దించే ముందు రికార్డులు రాసే మనిషి ఎవరో వెతుకుతాను. ఈ కేసులో ఆ లెడ్జరును మొదటి రోజే చూసి ఉంటే మెట్టు ముందే కనపడేది, షట్‌డౌన్‌ను ముందుకు జరిపించేవాణ్ని కాదు. ఆ ఆపరేటర్ నేను మొదటిసారి వెళ్లినప్పుడు కూడా అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు. నేను ఇంజినీరుతో మాట్లాడి వచ్చేశాను.

చివరి రోజు లెడ్జరు ఆయనకు తిరిగి ఇస్తూ, ఆఖరి పేజీ మీద పెన్సిలుతో 511 అని రాశాను. "ఆరు నెలలకు ఖాళీ కౌంటు ఇదొస్తుంది, చూడు పెద్దన్నా" అన్నాను. ఆయన ఆ అంకెను గుడ్డిగా ఒప్పుకోలేదు. నూటికి రూపాయి తొమ్మిది పైసల చొప్పున ఆరు నెలలకు తనే వేసుకుని, సరిపోయాక తలూపాడు.

ఆరు నెలల తర్వాత కిల్న్ ఆగిన రోజు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. బ్రౌన్ టేపు అట్ట ఒక మూల కనిపిస్తోంది. పెన్సిలు 511 పక్కన నీలం పెన్నుతో 510. కింద చిన్న అక్షరాలతో: ఒకటి తక్కువ వచ్చింది సార్, దుమ్ము కావచ్చు.